నీలిమందు నీడ

హైదరాబాద్ శివార్లలోని కోహెడలో ఒక సున్నం గోడ, దాని మీద వేపచెట్టు నీడ. ఆ రెంటినీ కాగితం మీదికి తేవడానికి కొన్ని ఆదివారాలు పట్టింది. దారి చూపింది వందేళ్ళ కిందట పోయిన ఒక చిత్రకారుడు, తప్పు దిద్దింది ఆ ఇంటి అవ్వ.

"నా గోడకు మసి పూసినవేంది బిడ్డా?"

అవ్వ ఎప్పుడొచ్చి నా వెనక నిలబడిందో తెలియదు. చంకలో బిందె, నోట్లో వేపపుల్ల. నేను అరుగుకు ఎదురుగా, మలుపు దగ్గర, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏప్రిల్ నెల, పొద్దున తొమ్మిదిన్నర. ఔటర్ రింగు రోడ్డు హోరు ఊళ్ళోకి వినీ వినపడనట్టు వస్తోంది. ఎదురుగా పాత పెంకుటిల్లు, ముందు సాయమాను, పక్కన సున్నం కొట్టిన గోడ, గోడ అడుగున జాజు పట్టీ. ఆ గోడ మీద వేపచెట్టు నీడ పడి, గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

గోడ తెల్లగా ఉంది కాబట్టి కాగితాన్ని తెల్లగానే వదిలాను. నీడ కోసం నల్లరంగులో నీళ్ళు కలిపి పూశాను. అది నీడలా లేదు. వంటింట్లో పొగచూరిన గోడలా ఉంది. అవ్వ చూసింది అదే.

"నీడ అవ్వా అది."

"నీడ నల్లగుంటదా? సూడు మంచిగ."

చూశాను. అవ్వ చెప్పాక చూడడానికీ, అంతకుముందు చూడడానికీ చాలా తేడా ఉంది. ఆ నీడ నీలంగా ఉంది. లేత నీలం, అక్కడక్కడ కాస్త ఊదా. చూరు కిందికి వెళ్ళేసరికి అదీ మారిపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను చిత్రకారుణ్ణి కాదు. ఆదివారం కుంచె పట్టుకునే రకం. భవనాలంటే ఇష్టం. భవనాలను గీయాలంటే గోడలు, కిటికీలు, దూలాలు లెక్కపెట్టి గీయాలని చాలాకాలం అనుకున్నాను. స్కేలు పెట్టి గీశాను కూడా. అన్నీ ఇంజనీరు ప్లాన్లలా వచ్చేవి, ఎండ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఒక స్నేహితుడు పుస్తకం చేతికిచ్చాడు. అందులో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను.

జాన్ సింగర్ సార్జెంట్ 1909లో వేసిన నీటిరంగుల బొమ్మ అది. గ్రీసు దేశంలోని కోర్ఫూ దీవిలో ఒక చిన్న తెల్ల ఇల్లు, పక్కన చెట్లు, గోడ నిండా ఆ చెట్ల నీడలు. బొమ్మ పేరే 'కోర్ఫూ: వెలుగులు, నీడలు'. ఇంటికి గొప్ప రూపమంటూ ఏమీ లేదు. ఒక తలుపు, కాస్త కప్పు, మిగతాదంతా గోడే. ఆ గోడలో ఎండ తగిలిన చోట రంగు లేదు, ఉత్త కాగితం. నీడ ఉన్నచోట మాత్రం నీలం, ఊదా, ఆకుపచ్చ ఒకదాంట్లోకి ఒకటి పారాయి. అంటే ఆయన గోడ గీయనే లేదు. నీడ గీశాడు, గోడ దానంతటది వచ్చి నిలబడింది.

సార్జెంట్ అమెరికన్ తల్లిదండ్రులకు 1856లో ఇటలీలోని ఫ్లారెన్సులో పుట్టాడు. లండన్‌లో సంపన్నుల చిత్తరువులు గీసి పేరూ డబ్బూ గడించాడు. పట్టుబట్టలు, ముత్యాల హారాలు, పెద్దింటి ఆడవాళ్ళు, ఇదీ ఆయన బేరం. 1907 నాటికి విసుగు పుట్టి, ఇక చిత్తరువులు గీయనని కొత్త బేరాలు దాదాపుగా మానుకున్నాడు. ఆ తర్వాత ఎండలు వెతుక్కుంటూ తిరిగాడు. వెనిస్‌లో పడవలో కూర్చుని నీటి మట్టం నుంచి భవనాలను చూసి గీసేవాడు. అందుకే ఆ చర్చీలు, మేడలు పూర్తిగా కనిపించవు. సగం స్తంభం, రెండు మెట్లు, గోడ మీద నీటి తళుకు, అంతే ఉంటాయి. 1909లో న్యూయార్కులో ప్రదర్శన పెడితే, 83 నీటిరంగుల బొమ్మలను బ్రూక్లిన్ మ్యూజియం ఒక్కసారిగా కొనేసింది. విడివిడిగా అమ్మనని ఆయన షరతు పెట్టాడు. కోర్ఫూ ఇల్లు మాత్రం 1912లో బోస్టన్ మ్యూజియానికి చేరింది.

కోర్ఫూ ఎక్కడ, కోహెడ ఎక్కడ! పేర్లలో మొదటి అక్షరం తప్ప పోలిక లేదు. అయినా ఆ బొమ్మ చూసిన మర్నాటి నుంచి నేను తెల్లగోడల కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరకడం అంత తేలిక కాదు. ఊళ్ళో కొత్త ఇళ్ళన్నీ నారింజ, చిలకపచ్చ, గులాబి. వాటిమీద నీడ పడినా నీడ రంగు తెలియదు. ఇంకా సున్నం కొట్టించే ఇల్లు ఒకటుందని తెలిసి అవ్వ ఇంటి ముందు చేరాను.

బకెట్‌లో రహస్యం

"నీలం ఎందుకుంటది అవ్వా నీడ?" అని అడిగాను. ఆమె భౌతికశాస్త్రం చెబుతుందని కాదు, ఊరికే.

"సున్నంల నీలిమందు గలిపినం గద" అంది.

నవ్వుకున్నాను. ఆ నవ్వు తప్పని ఇంటికి వెళ్ళాక తెలిసింది. నీడ నీలంగా ఉండడానికి అసలు కారణం ఆకాశమే. ఎండ నేరుగా తగలని చోట గోడను వెలిగించేది ఆకాశపు నీలి కాంతి. అయితే అవ్వ మాట కూడా సగం నిజం. సున్నంలో నీలిమందు కలిపేది గోడను నీలం చేయడానికి కాదు, తెలుపును ఇంకా తెలుపు చేయడానికి. సున్నానికి, పాత పంచెకు సహజంగా ఒక పసుపు జీర ఉంటుంది. చిటికెడు నీలం దాన్ని చంపేస్తుంది. ఎండలో ఆ నీలం కంటికి ఆనదు. నీడలో మాత్రం ఆకాశపు నీలంతో చేయి కలుపుతుంది.

నీలిమందు అన్న మాట మనకు నీలిమొక్క నుంచి వచ్చింది. ఒకప్పుడు మన కోస్తా నుంచి ఓడలెక్కి పోయిన సరుకు. తర్వాత బట్టలకు పెట్టే నీలం పొడి వచ్చి ఆ పేరు కాజేసింది. ఆ పొడిలో ఉండేది నీలిమొక్క కాదు, కృత్రిమ అల్ట్రామెరైన్. అసలు అల్ట్రామెరైన్ అఫ్గానిస్తాన్ గనుల్లో దొరికే లాజవర్దు రాయిని నూరి తీసేవారు, దాని ధర బంగారంతో పోటీ పడేది. 1820ల చివర్లో ఫ్రాన్సులో దాన్ని కొలిమిలో తయారుచేయడం నేర్చాక అది చిత్రకారుడి పెట్టెలోకీ, చాకిరేవుకూ, సున్నం బకెట్‌లోకీ ఒకేలా దిగింది. నా రంగుల పెట్టెలో నీడల కోసం ఎక్కువగా అరిగే బిళ్ళా అదే. ఖరీదైన గొట్టంలో ఉన్నదీ, కిరాణా కొట్టులో చిన్న పొట్లంలో దొరికే పొడీ జాతికి ఒకటే.

నల్లరంగును ఆ రోజే పెట్టెలోంచి తీసేశాను.

చూరు కింద ఏముంది?

రెండో ఆదివారం నీలంతో మొదలుపెట్టాను. గోడ మీది నీడ కుదిరింది. సాయమాను కింది నీడ కుదరలేదు. అక్కడ కూడా నీలమే పూస్తే అది మంచుగడ్డల గుహలా కనిపించింది. కోహెడలో ఏప్రిల్ నెలలో మంచు!

లేచి వెళ్ళి సాయమాను కింద నిలబడి పైకి చూశాను. దూలాల అడుగుభాగం నారింజ రంగులో మెరుస్తోంది. దూలం పక్కలు చల్లని బూడిద, అడుగు మాత్రం వెచ్చన. పెంకుల కింది వెదురు బద్దల మీదా అదే ఎరుపు. కారణం కాళ్ళ కిందే ఉంది. వాకిలి ఎర్రమట్టి. రంగారెడ్డి జిల్లా చెల్క నేల. ఎండ ఆ మట్టి మీద పడి, ఎర్రబడి, పైకి తుళ్ళి చూరు అడుగుకు తగులుతోంది. గోడ నీడకు ఆకాశం రంగు ఇస్తుంటే చూరు నీడకు నేల రంగు ఇస్తోంది. ఒకే ఇంట్లో, ఒకే గంటలో, రెండు నీడలు.

తడి ఆరకముందే నీలం చివర కాస్త కాల్చిన సియన్నా మట్టిరంగు తాకించాను. అది దానంతటదే లోపలికి పాకింది. దూలం గుండ్రంగా తిరిగింది. బొమ్మలో మొదటిసారి ఉక్కపోత వచ్చింది.

సాయమాను అన్న మాట గురించి ఒక పక్కమాట. తెలంగాణ ఇళ్ళలో వసారాను అలాగే అంటారు. ఫారసీ 'సాయబాన్' నుంచి వచ్చింది. 'సాయ' అంటే నీడ. మన సంస్కృత 'ఛాయ'కు అది చుట్టం. అంటే ఇంటి ముందు భాగానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరే నీడ పట్టేది అని. గోడలూ కప్పూ కట్టడం ఒక ఎత్తు, మన ఎండకు నీడ కట్టడం ఒక ఎత్తు. అరుగు, చూరు, పందిరి, రచ్చకట్ట, అన్నీ నీడ కోసం కట్టినవే.

ఆ పక్క వీధిలో ఇదే ప్రయోగం చేసి చూశాను. అక్కడ సీసీ రోడ్డు పడింది. అలాంటి పాత ఇల్లే, అలాంటి చూరే. దూలం అడుగు బూడిదరంగులో ఉంది. రోడ్డు వేసినప్పుడు బురద పోయిందని అందరూ సంతోషించి ఉంటారు, నేనైనా అంతే. చూరు కింది ఎరుపు కూడా పోయిందని గమనించేవాడు నాలాంటి పనిలేనివాడే.

వెనిస్ ఎండ, మన ఎండ

సార్జెంట్‌ను నమ్ముకుని నేను పడ్డ పెద్ద పొరపాటు మరొకటుంది. ఆయన నీడలు ఏటవాలుగా, అందంగా, గోడ మీద కర్ణరేఖల్లా జారతాయి. అవి చూసి నేనూ పన్నెండు గంటల బొమ్మలో నీడలను అలాగే జార్చాను. చూసినవాళ్ళకు ఏదో తేడాగా ఉంది, ఏమిటో చెప్పలేకపోయారు.

వెనిస్ 45 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. అక్కడ నడివేసవిలో కూడా మధ్యాహ్నపు సూర్యుడు 68 డిగ్రీలకు మించి ఎక్కడు. కోహెడ 17 డిగ్రీల చిల్లర. ఇక్కడ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్ పరిసరాల్లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిట్టనిలువు స్తంభానికి నీడ ఉండదు. పిల్లలు సీసాలు నిలబెట్టి ఫోటోలు తీసుకునే 'నీడలేని రోజు' అదే. ఇంకా వింత ఏమిటంటే, ఆ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఎప్పుడూ చల్లగా ఉండే ఉత్తరపు గోడకు అప్పుడు మధ్యాహ్నం ఎండ తగులుతుంది. వెనిస్‌లో అది జరగదు.

మే రెండో వారంలో పని కట్టుకుని పన్నెండు గంటలకు వెళ్ళాను. తలమీద తువ్వాలు, పక్కన మజ్జిగ సీసా. పావుగంట ముందు అవ్వ గోడ మామూలు గోడే. పన్నెండు దాటి పది నిమిషాలయ్యేసరికి ఎండ గోడను నిమురుతూ నిలువుగా కిందికి జారింది. అంతే, గోడ మీద ఎన్నేళ్ళ సున్నం పొరలున్నాయో అన్నీ లేచి నిలబడ్డాయి. మేస్త్రీ తాపీ ఆగిన చోట గీత. పెచ్చు ఊడిన చోట గుంట. ఎప్పుడో పటం తగిలించి పీకేసిన మేకు బొడిపె, దాని కింద జానెడు పొడవు నీడ. నేలమీద నీడలన్నీ మాయమైన నిమిషంలో గోడ మీద ప్రతి ఇసుకరేణువుకూ నీడ వచ్చింది.

గీయడానికి కూర్చున్నాను. మే నెలలో కోహెడలో నీటిరంగులు వేయడమంటే పెనం మీద ముగ్గు పెట్టినట్టే. కుంచె కాగితానికి ఈ చివర నుంచి ఆ చివరకు చేరేలోపు మొదటి చివర ఎండిపోయింది. ఎక్కడ ఆగితే అక్కడ గట్టుకట్టింది. గ్లిజరిన్ చుక్క నీళ్ళలో వేస్తే కొంచెం నిలుస్తుందని ఒకరు చెప్పగా వేశాను. ఈసారి ఇంటికెళ్ళేదాకా ఆరలేదు, దారిలో దుమ్మంతా అంటుకుంది. ఆ బొమ్మ ఇప్పటికీ దాచుకున్నాను. అందులో కోహెడ మట్టి నిజంగానే ఉంది.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1892, 93లలో రువాన్ పట్టణంలో చర్చి ఎదుట గదులు అద్దెకు తీసుకుని, గంటకో కాన్వాసు మారుస్తూ ఒకే ముఖద్వారాన్ని ముప్పైకి పైగా బొమ్మలు వేశాడు. నాకు అద్దె గది లేదు, ఎదురింటి మెట్టు ఉంది. ఆరుసార్లు వేశాను. ఏడోసారికి అవ్వ, "ఇంక వేరే గోడ దొరుకలేదా?" అంది.

మన బొమ్మల్లో నీడ ఎందుకు పడదు?

వెలుగునీడలు అనగానే మనలో చాలామందికి 1961 నాటి సినిమా గుర్తొస్తుంది. జంటపదంగా మన నోట్లో అంత నలిగిన మాట, మన పాత బొమ్మల్లో మాత్రం సగమే కనిపిస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు చూడండి. చీరల అంచులు, కోరచూపులు, గీత గీతలో ప్రాణం. ఎవరి నీడా నేలమీద పడదు. చేర్యాల పటాల్లోనూ అంతే, ఎర్రటి వెనుకతెర మీద దేవుళ్ళూ మనుషులూ నీడల్లేకుండా నడుస్తారు. అది చేతకాక కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం, ఒంటికి గుండ్రదనం తెచ్చే 'వర్తన' పద్ధతులు మూడు చెప్పింది. ఒళ్ళు ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ ఒదిగిందో చూపడానికి ఆ ఛాయ. సూర్యుడు ఎటున్నాడో చెప్పే నీడ వేరు. అది గడియారం లాంటిది. అది పడితే బొమ్మలో టైము తెలిసిపోతుంది. పురాణానికి టైముతో పనేముంది!

ఆ గడియారం మన చిత్రకళలోకి ఇంగ్లీషు కాలేజీల మీదుగా వచ్చింది. రాజమండ్రిలో ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే చలవతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళి చదివాడు. తిరిగొచ్చి గోదావరి వెలుతురును తెలుగు బొమ్మలోకి తెచ్చాడు. ఆయన 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లో సార్జెంట్ పోయాడు, అరవై తొమ్మిదేళ్ళకు. పెద్దాయనకు అదనంగా దొరికిన నలభై ఏళ్ళలో సగమైనా మనవాడికి దొరికి ఉంటే మన ఇళ్ళూ గోపురాలూ ఏ ఎండలో తేలేవో.

సినిమావాళ్ళు మాత్రం నీడను తొందరగా పట్టుకున్నారు. 1957 'మాయాబజార్'కు కళాదర్శకులు గోఖలే, కళాధర్. ద్వారకా నగరాన్ని 50 అడుగులకు 60 అడుగుల జాగాలో మూడు వందల బొమ్మరిళ్ళతో కట్టి, వాటిలో దీపాలు పెట్టారు. కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లీకి ఉన్నవి నలుపు తెలుపులే. అయినా మనకు అది మహానగరమే. కోహెడకు దగ్గర్లోనే ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీలో 1996 నుంచి ఇదే విద్య నడుస్తోంది. ప్లైవుడ్డును రాయిగా చూపించాలంటే రాళ్ళ సందుల్లో ముదురు రంగు స్ప్రే కొట్టి నీడను ముందే పూసేస్తారు. దానికి ఒక చిక్కుంది. పూసిన నీడ కుడివైపు ఉంటే, ఆరుబయట సాయంత్రపు ఎండ అసలు నీడను ఎడమకు వేస్తుంది. గోడకు ఇద్దరు సూర్యులు వచ్చేస్తారు. అందుకే ఏ పూటా అబద్ధం కాని కిందిసందుల్లోనే ముదురు పూయడం మేలు.

కదలని నీడ

ఇంత తిరిగాక పానగల్లు వెళ్ళకపోతే పాపమనిపించింది. విజయవాడ హైవే ఎక్కి, నార్కట్‌పల్లి దగ్గర మళ్ళి, నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడమీద నిలువుగా ఒక స్తంభం నీడ. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా, సాయంత్రం చూసినా అక్కడే ఉంటుంది. ఏ స్తంభానిదో తెలియదు, గర్భగుడికి సూటిగా ఎదురుగా స్తంభమే లేదు.

నేను వెళ్ళినప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు ఒక్కో స్తంభం దగ్గరా నిలబడి చేతులూపుతున్నారు, లోపల మూడోవాడు "పడలే, పడలే" అని అరుస్తున్నాడు. భౌతికశాస్త్రం చదివినవాళ్ళు చెప్పే వివరణ ఇది. లోపలి గోడను వెలిగించేది సూర్యుడు కాదు, ఆవరణలోంచి మండపం స్తంభాల సందుల గుండా వచ్చే పరావర్తన కాంతి. ఆ వెలుగు గోడకు రెండు పక్కలా పడుతుంది, నడిమి పట్టీకి అందదు. అందనిదే నీడ. సూర్యుడు నేరుగా లేడు గనుక ఆయన కదిలినా అది కదలదు. ఆ శిల్పి రాతితో స్తంభాలు చెక్కి, వెలుతురు అందని జాగాతో ఇంకో స్తంభం చెక్కాడు.

మండపంలో ఒక మూల కూర్చుని వేయడానికి ప్రయత్నించాను. సార్జెంట్ నేర్పిన పాఠాలేవీ పనిచేయలేదు. ఎండ నీడకు అంచు ఉంటుంది, దీనికి అంచు లేదు. ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. నీలం లేదు, ఎరుపు లేదు. రాతి నలుపు మీద ఇంకొంచెం నలుపు, అంతే. ఇంట్లో పక్కన పెట్టేసిన నల్లరంగు గొట్టం గుర్తొచ్చింది. చివరకు కాగితం మొత్తం తడిపి, రెండు పక్కలా రంగు తుడిచి, నడుమ ఊరుకున్నాను. ఏదో వచ్చింది. దాన్ని ఎవరికీ చూపలేదు.

తిరిగొస్తూ కోహెడలో ఆగాను.

అవ్వ అరుగు మీదే ఉంది. ఆరు బొమ్మల్లో కుదిరిన ఒక్కటీ, ఏప్రిల్ పొద్దుటిది, చట్టం కట్టించి తెచ్చాను. తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కొంగుతో అద్దం తుడిచి చూసింది.

"చెట్టు నీడ మంచిగచ్చింది. దూలాలు వచ్చినయ్. జాజు వచ్చింది." వేలితో తెల్లగా వదిలిన జాగాను తట్టింది. "గని నా గోడ ఏది బిడ్డా? ఇక్కడ నువ్వేం వెయ్యనే లేదు గద."